చుక్కలో 4 అని ఉంది సరే, ఆ నలుగురు ఎవరు?

ఒక మండలంలోని పోలింగ్ బూత్‌ల మ్యాప్ గీసి, ప్రింట్ తీసి టేబుల్ మీద పరిచాను. మండల కేంద్రం దగ్గర పెద్ద నీలం చుక్క, దాని మధ్యలో 4. చూస్తున్నాయన దాని మీద వేలు పెట్టి, "ఇందులో 113వ బూత్ ఏది సార్?" అన్నాడు. కాగితాన్ని జూమ్ చేయలేం కదా. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో జూమ్ చేస్తే అక్కడా అదే 4. బూత్‌లు నాలుగూ ఒకే హైస్కూల్లో ఉన్నాయి. గేటు దగ్గర నిలబడి ఫోన్‌లో ఒక్కసారి లొకేషన్ తీసుకుని, అవే అంకెలు డేటా పట్టికలో నాలుగు బూత్‌ల వరుసల్లోనూ ఎక్కించినట్టున్నారు. ఎంత దగ్గరికి వెళ్లినా ఆ గుంపు విడిపోదు.

ఇలాంటివి ఇంకా పెరుగుతాయి. ఒక బూత్‌కు 1200 మంది ఓటర్లకు మించకూడదని 2025లో ఎన్నికల సంఘం నిర్ణయించింది. అంతకుముందు ఆ పరిమితి 1500. బూత్‌లు పెరిగినంత మాత్రాన బడులు పెరగవు కాబట్టి అదే భవనం మీద ఇంకో పాయింటు వచ్చి కూర్చుంటుంది.

నేను మ్యాప్‌లు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌. అందులో ఇలాంటి చోట చాలామంది ముందుగా వెళ్లేది పాయింట్ క్లస్టర్ దగ్గరికి. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని ఒకే గుర్తుగా కలిపి, ఎన్ని ఉన్నాయో అంకె వేస్తుంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ ఎన్ని అని చెబుతుందే తప్ప ఏవేవి అని చెప్పదు. పైగా గుర్తులు కలిశాయి కదా అని పేర్లు కలవవు. లేబుల్స్, అంటే పక్కన పడే పేర్ల, వ్యవస్థ వేరే. గుంపులో ఉన్న ప్రతి పాయింటు పేరూ దానంతటది చోటు కోసం పోటీకి దిగుతుంది. ఒకటి గెలుస్తుంది, మిగతావి మాయం. చూసేవాళ్లకు ఆ గెలిచిన పేరే మొత్తం గుంపు పేరు అనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తప్పుపట్టలేం. పాయింటుకు కుడివైపు కాస్త పైన పేరు రాస్తే బాగుంటుందని, పేరు దేనిదో తికమక ఉండకూడదని స్విస్ కార్టోగ్రాఫర్ ఎడ్వర్డ్ ఇమ్‌హోఫ్ 1962లోనే సూత్రాలు రాసిపెట్టాడు. చేత్తో గీసేవాళ్లు రోజుల తరబడి కూర్చుని వాటిని పాటించేవారు. ఒకదాని మీద ఒకటి పడకుండా వీలైనన్ని ఎక్కువ పేర్లు సర్దడం కంప్యూటర్‌కు కూడా ఎన్‌పీ-హార్డ్ లెక్క (పేర్లు పెరిగేకొద్దీ కచ్చితమైన జవాబు త్వరగా తేల్చే దారి ఎవరికీ తెలియని లెక్క) అని 1990ల మొదట్లోనే తేలింది. అందుకని ఉజ్జాయింపుగా సర్దుతుంది, పట్టనివి వదిలేస్తుంది. వదిలేసినందుకు నాకు కోపం లేదు. మాటమాత్రం చెప్పకుండా వదిలేస్తుంది చూడండి, అదీ ఇబ్బంది.

పాయింట్ డిస్‌ప్లేస్‌మెంట్ అని ఇంకో దారి ఉంది. గుంపును రింగులా విడదీసి పక్కపక్కన పెడుతుంది. పేర్లన్నీ కనిపిస్తాయి, నిజమే. నా మ్యాప్‌లో మాత్రం స్కూల్లో ఉండాల్సిన బూత్ ఒకటి వెళ్లి చెరువులో తేలింది.

చివరికి పని జరిగింది పాత పద్ధతిలోనే. ఓటర్ల జాబితాలో ఆ నాలుగు బూత్‌ల పేర్లూ "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, తూర్పు వైపు గది", "పడమర వైపు గది" అంటూ సాగుతాయి. నాలుగుసార్లు రాయాల్సిన అవసరమేముంది? భవనం పేరు ఒకసారి, కింద నంబర్లు: "జి.ప. హైస్కూల్ 112–115". ఒకే లొకేషన్ ఉన్న వరుసలను గ్రూప్ చేసి నంబర్లు కలిపే ఎక్స్‌ప్రెషన్ (ఫార్ములా లాంటిది) ఒక్క లైనుదే. లొకేషన్లు కొద్ది మీటర్ల తేడాలో ఉంటే ముందు డీబీస్కాన్‌తో (దగ్గరగా ఉన్న పాయింట్లను గుంపులుగా విడదీసే పద్ధతి) గుంపులు కట్టి, ఆ గుంపు నంబరు మీద ఇదే పని చేయొచ్చు. నిజానికి ఇది డేటా దగ్గర తేల్చాల్సిన విషయం. మనం దాన్ని స్టైల్ సెట్టింగుల్లో వెతుకుతూ కూర్చుంటాం.

తెలుగులో పేర్లు రాస్తే తంటా ఇంకొంచెం ఎక్కువ. పైన గుడులు, కింద వత్తులు ఉండటంతో ఇంగ్లిష్‌లో రెండు లైన్లు పట్టేచోట మనకు ఒకటిన్నర కూడా కష్టమే. అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కాస్త మందంగా పెడితే "ష్ట్ర" లోపల సందులు పూడిపోతాయి. వెబ్‌లో మరీ ఘోరం. వెబ్‌పేజీల్లో మ్యాప్ చూపించే మ్యాప్‌బాక్స్, మ్యాప్‌లిబ్రె లాంటివి ఒక్కో యూనికోడ్ నంబరుకు ఒక్కో అక్షరం బొమ్మ తెచ్చి పేర్చే పద్ధతి వల్ల, చాలాకాలం "లక్ష్మీపురం" ముక్కలుగా విడిపోయి కనిపించేది. పేరే సరిగ్గా పడని చోట గుంపులో 4 అని వేసి ఊరుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది.

క్యూజీఐఎస్ లేబుల్ టూల్‌బార్‌లో ఒక చిన్న బటన్ ఉంది. నొక్కితే చోటు దొరకక పోయిన పేర్లన్నీ ఎర్రగా బయటికొస్తాయి. రెండో ప్రింట్‌కు ముందు అది నొక్కి చూశాను. ఓటర్లు ఎక్కువున్న బూత్‌లకు ముందు చోటివ్వమని ప్రయారిటీ పెట్టింది నేనే. ఎర్రగా వచ్చినవాటిలో ఎక్కువ తండాల పేర్లే. మండల కేంద్రంలో హైస్కూల్ ఎక్కడుందో అడిగితే ఎవరైనా చెబుతారు, మ్యాప్ కావాల్సింది తండాకు వెళ్లేవాళ్లకే. ప్రయారిటీ తిరగేసి మళ్లీ ప్రింట్ ఇచ్చాను.