గేజ్ సున్నా చూపిస్తే చాలదు

పెయింట్‌బాల్ గాలి ట్యాంక్‌కి రెగ్యులేటర్ (మెడ దగ్గర బిగించే, గాలి ఒత్తిడిని తగ్గించే భాగం) మార్చడంపై మీ వ్యాసంలో, గేజ్ సున్నాకి వస్తే దాన్ని విప్పేయొచ్చని రాశారు. దయచేసి ఆ వాక్యం సరిదిద్దండి. గేజ్ ముల్లు ఇరుక్కుపోయినా సున్నా చూపించొచ్చు. ముందు మార్కర్‌తో (పెయింట్‌బాల్ తుపాకీతో) గాలి అయిపోయేదాకా కాల్చాలి. తర్వాత ట్యాంక్ విడదీసి, పైనున్న పిన్నును వేలితో కాకుండా మొద్దు కడ్డీతో నొక్కి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉంచాలి. ముఖం పక్కకి, కళ్లద్దాలు తప్పనిసరి.

సీసాను, అంటే ట్యాంక్‌ను, స్ట్రాప్ రెంచ్‌తో (పట్టీ చుట్టి పట్టే రెంచ్‌తో) పట్టుకోండి. వైస్‌లో బిగిస్తే కార్బన్ ఫైబర్ పొర దెబ్బతింటుంది, ఆ ట్యాంక్ ఇక పనికిరాదు. తిప్పుతుంటే బుస్సుమంటే వెంటనే ఆపేసి దూరం జరగండి. మామూలు బలానికి కదలకపోతే లోపల ఒత్తిడి ఉందనే అనుకోవాలి. పైపు తొడిగి బలవంతం చేయొద్దు.

కొత్త రెగ్యులేటర్ మర మామూలుగా 5/8 అంగుళాలది, అంగుళానికి 18 చుట్లు (5/8-18). 3000, 4500 పీఎస్ఐ రెండు ట్యాంకులకీ అదే మర పడుతుంది, ప్రమాదం అక్కడే! బర్స్ట్ డిస్క్ (ఒత్తిడి మితిమీరితే పగిలి గాలిని వదిలేసే రక్షణ బిళ్ల) 3000కి 5కే (5000 పీఎస్ఐ), 4500కి 7.5కే ఉండాలి. 3000 సీసాకి 7.5కే పెడితే అది కాపాడే డిస్క్ కాదు.

మెడ దగ్గర గాలిని ఆపేది ఓ-రింగే (గుండ్రటి రబ్బరు రింగు), టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. బెంగళూరు జేసీ రోడ్ విడిభాగాల దుకాణాల్లో దొరికిన ఏదో ఒక రింగు కాకుండా తయారీదారు చెప్పిన సైజే వేయండి. పెట్రోలియం గ్రీజు వద్దు, గాలి నింపేటప్పుడు వేడెక్కి మంట అంటుకోవచ్చు.