ఎంబీఏ సీటు వచ్చింది, వెళ్లాలా?

మా అక్క కొడుక్కి ఏప్రిల్‌లో ఒక కొత్త ఐఐఎంలో, అంటే కేంద్రం నడిపే మేనేజ్‌మెంట్ కాలేజీలో, ఎంబీఏ సీటు వచ్చింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. మూడేళ్ల అనుభవం, 12 లక్షల ప్యాకేజీ. అక్క ఆ రోజే వీధంతా స్వీట్లు పంచింది. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఫొటో పెట్టి ‘ఈయనా ఎంబీఏనే’ అని రాశారు. రాత్రి వాడు ఫోన్ చేశాడు. “మావయ్యా, డబ్బు కట్టడానికి పది రోజులే టైముంది. వెళ్లమంటావా?”

నాదెళ్ల సంగతి నిజమే. కానీ ఆయన షికాగో యూనివర్సిటీలో ఎంబీఏ చదివింది మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూనే. వారాంతాల్లో విమానమెక్కి వెళ్లి క్లాసులు విని వచ్చేవారు. 1997లో పట్టా తీసుకున్నారు. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి, తర్వాత ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీని నడిపిన శంతను నారాయణ్ కూడా అంతే. 1993లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ ఎంబీఏ పూర్తయ్యేసరికి ఆయన ఆపిల్‌లో పనిచేస్తున్నారు. ఇద్దరూ జీతం వదులుకోలేదు. చేస్తున్న పనిలో ఏం తక్కువైందో తెలిశాక దానికోసం చదివారు.

మన ఇళ్లలోకి ఎంబీఏ అలా రాదు. డిగ్రీ అయిపోయింది, ఏం చేయాలో తోచడం లేదు కాబట్టి వస్తుంది. లేదంటే చేస్తున్న పని మొహం మొత్తింది కాబట్టి వస్తుంది. మావాడిది రెండో కేసు. అందుకే ముందు కాగితం, పెన్ను తెచ్చుకోమన్నాను.

ఫీజు, హాస్టల్ కలిపి రెండేళ్లకు 20 లక్షలు అనుకుందాం. మానేసే జీతం నెలకు చేతికొచ్చేది 88 వేలు, రెండేళ్లకు 21 లక్షలు. అంటే ఖర్చు 20 కాదు, 41 లక్షలు. ఈ రెండో సగాన్ని ఎవరూ లెక్కలో వేయరు, ఎందుకంటే దానికి రసీదు ఉండదు. 20 లక్షల లోను 10 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 26,430 రూపాయలు. చదువుకునే రెండేళ్లలో పేరుకునే వడ్డీ ఇందులో లేదు. బయటికొచ్చాక 20 లక్షల ప్యాకేజీ వస్తుందని వాడి ఆశ. రావచ్చు. కానీ పోల్చాల్సింది ఈనాటి 12తో కాదు. ఈ రెండేళ్లలో ఒక్కసారి కంపెనీ మారినా 16కి చేరేవాడు. కాబట్టి ఎంబీఏ తెచ్చిపెట్టేది ఏడాదికి 4 లక్షలు. పన్ను, పీఎఫ్ పోను చేతిలో పడేది 3 లక్షలకు అటూ ఇటూ. ఏడాది ఈఎంఐ 3.17 లక్షలు.

వాడు కాసేపు మాట్లాడలేదు. “అంటే పదేళ్లు బ్యాంకుకే పనిచేస్తానా?” అన్నాడు.

అంత ఖాయంగా చెప్పలేం. ఐదేళ్ల తర్వాత జీతాలు ఏ దారిన పోతాయో ఈ కాగితం మీద తేలదు. ఎంబీఏ అసలు ఫలం, ఉంటే గింటే, అక్కడే ఉంటుంది. అందుకే జీతం కంటే ముందు పని సంగతి అడగాలి. బయటికొచ్చి ఏం పని చేస్తావని అడిగితే “మేనేజ్‌మెంట్” అన్నాడు. అది జవాబు కాదు. కన్సల్టింగ్ (కంపెనీలకు సలహాలివ్వడం), ప్రొడక్ట్ (ఏం తయారుచేయాలో తేల్చడం), బ్యాంకింగ్, సబ్బులూ బిస్కెట్ల కంపెనీలో సేల్స్, హెచ్‌ఆర్... ఒక్కోదానికి ఒక్కో రకం మనిషి కావాలి. పైగా ఏ కంపెనీ ఏ కాలేజీకి వస్తుందన్నది ముందే తేలిపోయి ఉంటుంది. పెద్ద కన్సల్టింగ్ సంస్థలు ముఖ్యంగా చూసేది అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా లాంటి పాత ఐఐఎంలను, హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీని, మరికొన్నింటిని. ఇప్పుడు ఐఐఎంలు 20 దాటాయి. పేరులో మూడక్షరాలు ఒకటే కావచ్చు, గేటు దగ్గర ఆగే కార్లు ఒకటి కావు.

కాలేజీ వాళ్లిచ్చే ప్లేస్‌మెంట్ రిపోర్టులో అందరి కళ్లూ అత్యధిక ప్యాకేజీ మీదే పడతాయి. అది ఒక్కడిది. సగటు కూడా నమ్మదగింది కాదు, పైనున్న నలుగురు దాన్ని లాగేస్తారు. మీడియన్ చూడాలి, అంటే వరుసలో సరిగ్గా నడిమి మనిషి జీతం. ఎంతమంది ప్లేస్‌మెంట్లలో కూర్చున్నారో, ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో చూడాలి. లింక్డిన్‌లో రెండేళ్ల కిందటి బ్యాచ్ వాళ్లను ముగ్గురిని పట్టుకుని మాట్లాడమన్నాను. పోస్టర్ మీద ఫొటో ఉన్నవాళ్లను మాత్రం వదిలేయమన్నాను.

కొన్ని విషయాలు ముందే తెలిసి ఉంటే మావాడు ఇంకోలా సిద్ధమయ్యేవాడు. ఐఐఎంలు తమ ప్రవేశ పరీక్ష క్యాట్‌లో వచ్చే పర్సంటైల్ (రాసినవాళ్లలో నూటికి ఎంతమంది కంటే ముందున్నావన్న లెక్క) ఒక్కటే చూడవు. చాలా చోట్ల పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులకు, అనుభవానికి కూడా పాయింట్లుంటాయి. ఇంటర్లో వెయ్యికి 960, 970 తెచ్చుకున్న మన పిల్లలకు ఇది కలిసొచ్చేదే. దెబ్బ తినేది ఇంగ్లిష్ ప్యాసేజీల దగ్గర. రెండు గంటల పరీక్షలో ఒక్కో సెక్షన్‌కు 40 నిమిషాలే. కార్పొరేట్ కాలేజీ చదువులో లెక్కలు తరుముకుంటూ పోయినవాడు ఆ మొదటి 40 నిమిషాల్లోనే చతికిలపడతాడు. దీనికి కోచింగ్ కంటే ఏడాది పాటు రోజూ ఏదో ఒకటి చదవడమే పనిచేస్తుంది. మగ ఇంజినీర్లే కుప్పలుగా ఉండటంతో వాళ్లకు పోటీ ఎక్కువ. అమ్మాయిలకు చాలా ఐఐఎంలు అదనంగా పాయింట్లిస్తాయి. మన ఇళ్లలో ఆ పాయింట్లు ‘పెళ్లయ్యాక చదువుకోవచ్చులే’ అన్న మాట కింద పోతుంటాయి. నాకు తెలిసిన ఇద్దరమ్మాయిలు కాల్ వచ్చి కూడా ఇంటర్వ్యూకు వెళ్లలేదు.

ఇక ఐసెట్ దారి, అంటే మన రాష్ట్రాల్లోని కాలేజీల్లో ఎంబీఏకి పెట్టే ప్రవేశ పరీక్ష. ఆ పరీక్ష 200 మార్కులకు. పాస్ కావడానికి 50 చాలు, ఎస్సీ, ఎస్టీలకు ఆ గీత కూడా లేదు. అంటే ఇది వడపోసే పరీక్ష కాదు, ర్యాంకులు పంచే పరీక్ష. ఉస్మానియా, ఆంధ్రా లాంటి యూనివర్సిటీల క్యాంపస్ కాలేజీల్లో సీటొస్తే సంగతి వేరు, కళ్లు మూసుకుని చేరొచ్చు. ఊరి చివర ఇంజినీరింగ్ కాలేజీలో ఒక అంతస్తు ఎంబీఏకి ఇచ్చిన చోట చేరడం దేనికో నాకు అర్థం కాదు. అక్కడ రెండేళ్లు చదివినవాళ్లలో ఎక్కువమంది చివరికి బ్యాంకు సేల్స్‌లోనో, ఇన్సూరెన్స్‌లోనో, మైక్రోఫైనాన్స్ వసూళ్లలోనో చేరడం చూశాను. అవి బీకామ్‌తోనే దొరికే ఉద్యోగాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, పోయేదేముంది అంటారు. రెండేళ్లు పోతాయి. ఆ డబ్బు సమయానికి రాక సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోయిన పిల్లలు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఆ రెండేళ్లలో ఒక ఆడిటర్ దగ్గర కూర్చుని జీఎస్టీ రిటర్నులు నేర్చుకున్న బీకామ్ కుర్రాడు నా లెక్కలో ముందుంటాడు.

అమెరికా సంగతి ఎక్కువ చెప్పను. మనవాళ్లు అక్కడ ఎంఎస్‌కి పోయేది చదువయ్యాక మూడేళ్లు పనిచేసుకునే వీలుంటుందని. ఎంబీఏల్లో అన్నింటికీ ఆ వీలు లేదు. 2025 సెప్టెంబరులో అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, పెద్ద అప్పుతో అక్కడ ఎంబీఏకి పోవడమంటే నాకు గుండె దడే.

ఉద్యోగం వదలకుండా చదివే దారి మావాడి మనసులోకే రాలేదు. ఐఐఎం బెంగళూరులో పనిచేసేవాళ్ల కోసం వారాంతపు కోర్సుంది. ఐఎస్‌బీలో కూడా అలాంటిది ఉంది. అవి కూడా చౌక కాదు, అనుభవం ఇంకా ఎక్కువ అడుగుతాయి. కానీ జీతం ఆగదు, సోమవారం ఆఫీసులో వాడుకునేదే శనివారం నేర్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో మూడు నెలలకోసారి ఫోన్ చేసి అమ్మే ‘ఐఐఎం సర్టిఫికెట్’ కోర్సులు మాత్రం వేరే సరుకు. వాటిని ఎంబీఏ అనుకుని లక్షలు కట్టినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు.

పదో రోజు రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. ముగ్గురిలో ఇద్దరే మాట్లాడారట. ఒకామె పుణెలో బ్యాంకులో ఉంది, సంతోషంగానే ఉన్నానంది. రెండోవాడు ఐటీ కంపెనీలో బిజినెస్ అనలిస్ట్. మావాడు పనిచేసే టెక్ పార్కులోనే, పక్క బ్లాకులో. ‘లంచ్‌కి కలుద్దాం బ్రో’ అన్నాడట. మావాడు డబ్బు కట్టలేదు. ఆఫీసులో ప్రొడక్ట్ టీమ్‌కి మార్చమని మేనేజర్‌ను అడిగాడు, జవాబు ఇంకా రాలేదు. నవంబర్‌లో క్యాట్ మళ్లీ రాస్తానంటున్నాడు, ఈసారి నాలుగే కాలేజీలు రాసుకున్నాడు. అందులో ఒకటి ఢిల్లీ యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ కాలేజీ ఎఫ్‌ఎంఎస్. ఐఐఎంల ఫీజుతో పోలిస్తే దాని ఫీజు చిల్లర కింద లెక్క. అక్క నాతో రెండు వారాలుగా మాట్లాడటం లేదు.