‘టెక్స్ట్ మారుస్తుంది’ అని రాస్తే ఏజెంట్‌కు ఏం అర్థమవుతుంది?

ఒక ఒప్పంద పత్రంలో చెల్లింపు గడువు 30 రోజులని ఉంది. దాన్ని 45 రోజులు చేయమని ఏఐ ఏజెంట్‌కు, అంటే చెప్పిన పనిని తానే చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్‌కు చెప్పాం. చేసేసింది, ‘పూర్తయింది’ అని జవాబు కూడా ఇచ్చింది. అయితే అదే పత్రంలో నోటీసు గడువు, అభ్యంతరాలు తెలిపే గడువు కూడా 30 రోజులే. ఆ రెండూ 45 అయిపోయాయి. ఎవరూ గమనించలేదు.

ఇలాంటప్పుడు ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్‌ను తిట్టుకుంటాం. ఏజెంట్ ఇలాంటి పనులను టూల్స్ అనే చిన్న ప్రోగ్రామ్‌లను పిలిచి చేస్తుంది. దానికి ఇచ్చిన టూల్ వివరణ తీసి చూస్తే అందులో ‘డాక్యుమెంట్‌లో టెక్స్ట్ మారుస్తుంది’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఒక చోట మారుస్తుందా, కనిపించిన ప్రతిచోటా మారుస్తుందా? చెప్పలేదు. తప్పు అక్కడ మొదలైందని నా నమ్మకం.

మోడల్ బయటి ప్రోగ్రామ్‌లను పిలిచే వీలు కల్పించే ఫంక్షన్ కాలింగ్‌ను ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో తెచ్చింది. ఏఐని బయటి టూల్స్‌తో కలిపే ఎంసీపీ ప్రోటోకాల్‌ను ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసింది. అప్పటినుంచి ఏజెంట్ల కోసం టూల్స్ రాయడం మామూలు డెవలపర్ల పనిగా మారింది. టూల్ పేరు, వివరణ, అది తీసుకునే పారామీటర్లు (మనం దానికి అందించే విలువలు): మోడల్‌కు ముందుగా తెలిసేవి ఇవే. లోపలి కోడ్ దానికి కనబడదు. అనుమానం వస్తే మనం కోడ్ తెరిచి చూస్తాం, పక్కవాళ్లను అడుగుతాం. మోడల్ చాలాసార్లు ఊహించేసుకుని ముందుకెళ్తుంది. పైగా ప్రోగ్రామ్ చెడితే, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరో, టెస్టో చాలాసార్లు పట్టుకుంటుంది. డాక్యుమెంట్‌కు అలాంటి కాపలా లేదు. తప్పుడు అంకె ఉన్న పత్రం కూడా చక్కగానే తెరుచుకుంటుంది, చక్కగానే ప్రింట్ అవుతుంది.

అందుకే టూల్ ఏం చేస్తుందో చెప్పడం కంటే, దేన్ని ముట్టుకోదో, ఎప్పుడు ఆగిపోతుందో చెప్పడం ముఖ్యం అంటాను. వర్డ్ ఫైలునే తీసుకోండి. వర్డ్ వాడే .docx ఫైలు నిజానికి ఒక జిప్ మూట, దాని లోపల ఎక్స్‌ఎంఎల్ అనే ట్యాగుల భాషలో రాసిన ఫైళ్లు ఉంటాయి. తెరమీద ఒకే వాక్యంగా కనిపించేది లోపల ‘రన్’ అనే ముక్కలుగా విడిపోయి ఉండొచ్చు. మధ్యలో ఒక మాటను బోల్డ్ చేసినా చాలు. ముక్కముక్కగా వెతికే టూల్‌కు ఆ వాక్యం దొరకదు. కళ్లెదుట ఉన్న వాక్యం ‘లేదు’ అని జవాబొస్తే, ఏజెంట్ దాన్ని కొత్తగా చేర్చేసే ప్రమాదం ఉంది.

గూగుల్ డాక్స్‌ను ప్రోగ్రామ్‌లతో మార్చడానికి వాడే ఏపీఐది ఇంకో రకం చిక్కు. అక్కడ పత్రంలోని స్థానాలను యూటీఎఫ్-16 యూనిట్లలో, అంటే కంప్యూటర్ అక్షరాలను దాచే కోడ్ ముక్కల్లో లెక్కిస్తారు. మన కంటికి ఒక్క అక్షరమైన ‘శ్రీ’ అక్కడ 4 యూనిట్లు. పైన ఎక్కడైనా ఒక మాట చేరిస్తే కింది స్థానాలన్నీ జరిగిపోతాయి. అందుకే మార్పులను చివరి నుంచి మొదటికి చేసుకుంటూ రమ్మని గూగులే సూచిస్తుంది. ఈ సంగతి వివరణలో లేకపోతే రెండో దిద్దుబాటు ఏదో పదం మధ్యలో వెళ్లి పడుతుంది.

తెలుగు పత్రాల్లో మరొకటి చూడాలి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. అది లేకుండా వెతికితే అచ్చంగా పోల్చే టూల్‌కు ఆ మాట దొరకదు. ‘పాత వాక్యాన్ని సొంతంగా టైప్ చేయకు, చదివే టూల్ ఇచ్చిన దాన్నే ఉన్నదున్నట్టు పంపు’ అని ఒక్క వాక్యం రాస్తే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

నేనైతే ఆ ఒప్పందం టూల్‌కు ఇలా రాస్తాను: ‘పాత వాక్యం స్థానంలో కొత్త వాక్యం పెడుతుంది. పాత వాక్యం పత్రంలో ఒక్కసారే ఉండాలి. ఎక్కువసార్లు ఉంటే ఏదీ మార్చకుండా ఎర్రర్ ఇస్తుంది. ఫుట్‌నోట్లను, హెడర్లను ముట్టుకోదు. ట్రాక్ ఛేంజెస్ (మార్పుల నమోదు) ఆన్‌లో ఉంటే మార్పును సూచనగానే నమోదు చేస్తుంది.’ ఎర్రర్ మెసేజ్ కూడా వివరణలో భాగమే. ‘విఫలమైంది’ అంటే ఏజెంట్ అదే పని మళ్లీ చేస్తుంది. ‘ఈ వాక్యం 4, 11, 19 పేరాల్లో ఉంది, ముందు వెనక మాటలు కలిపి పంపు’ అంటే దారి దొరుకుతుంది.

వివరణ పెరిగితే టోకెన్లు (మోడల్ చదివే పదాల ముక్కలు) ఎక్కువ ఖర్చవుతాయన్న అభ్యంతరం నిజమే. దానికి మందు వివరణను కత్తిరించడం కాదు, టూల్‌నే సరిచేయడం. ఆంత్రోపిక్ ఇంజినీర్లు 2024 డిసెంబరులో ఒక అనుభవం రాశారు. వాళ్ల కోడింగ్ ఏజెంట్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్లాక ఫైలు దారిని (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాను) తప్పుగా ఇచ్చేది. ఎప్పుడూ పూర్తి దారే ఇవ్వాలని టూల్‌ను మార్చేసరికి ఆ తప్పు ఆగిపోయింది. ఒక వివరణలో మూడుసార్లు ‘జాగ్రత్త’ అని రాయాల్సి వస్తే నేను ఆ టూల్‌నే అనుమానిస్తాను.

కొత్త టూల్ రాసినప్పుడల్లా, కోడ్ చూడని సహోద్యోగికి వివరణ ఒక్కటే ఇచ్చి అడుగుతాను: ఈ మాట రెండు చోట్ల ఉంటే ఏమవుతుంది? పట్టికలో ఉంటే? చేసిన మార్పు వెనక్కి తీసుకోవచ్చా? ‘ఏమో, కోడ్ చూడాలి’ అన్న జవాబొచ్చిన చోట మళ్లీ రాయడం మొదలుపెడతాను.