రశీదు అడిగేవాడు రసికుడు కాడు

ఐక్యరాజ్యసమితి అవినీతి నిరోధక ఒప్పందంలో 71 అధికరణాలున్నాయి. 2003లో ఆమోదం పొంది, 2005 నుంచి అమల్లో ఉంది. లంచం ఇవ్వడమూ నేరమే, అడగడమూ నేరమే అని అందులో 15వ అధికరణం తేల్చి చెబుతోంది. సంతోషం. కానీ పరాయి దేశంలో, మిట్టమధ్యాహ్నం, మనిషి జాడ లేని రహదారి మీద ఒక యూనిఫాం చెయ్యెత్తి మోటారుసైకిలు ఆపినప్పుడు హెల్మెట్ పూర్తిగా తీయాలా, ముందు అద్దం పైకి లేపితే చాలా అన్న మౌలిక ప్రశ్నకు ఆ 71లో ఎక్కడా సమాధానం లేదు. దౌత్యవేత్తలు వదిలేసిన పనిని ఎవరో ఒకరు పూర్తి చేయాలి కదా. కాబట్టి ముందు దీనికి జవాబు: పూర్తిగా తీయాలి. ముఖం కనిపించని మనిషిని డబ్బు అడగడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

లంచం పుచ్చుకోవడం సులువైన పని అని ప్రయాణికుల్లో ఒక దురభిప్రాయం ఉంది. ఎండలో నిలబడి, భాష తెలియని మనిషికి, సాక్ష్యం మిగలకుండా, డబ్బు అన్న మాట పెదవి దాటకుండా విషయం బోధపరచాలి. ఆ శ్రమ దగ్గరుండి చూడాలి. ముందు లైసెన్సు తీసుకుంటాడు. దాన్ని ఎడమ అరచేతిలో టపటపా కొట్టుకుంటూ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు. బూటు కొసతో వెనక టైరు నొక్కి చూస్తాడు. నంబరు ప్లేటు దగ్గర వంగి, అక్కడేదో ఘోరం జరిగిపోయినట్టు నాలుక చప్పరిస్తాడు. తర్వాత ఫోను తీసి, క్యాలిక్యులేటర్ తెరిచి, 100 అని కొట్టి, తెరను మనకొక్కరికే కనిపించేలా వంచుతాడు. మనం చూశామని రూఢి కాగానే చెరిపేస్తాడు. ఆ చెరిపే వేలి వేగం ఏళ్ల సాధన లేకుండా రాదు.

ఇంతటి విద్వత్తుకు మనవాళ్లు ఇచ్చే గౌరవం ఏమిటి? కొందరు అడగ్గానే చెయ్యి తడిపేసి వెళ్లిపోతారు. నాటకం మొదటి అంకంలోనే చప్పట్లు కొట్టి లేచిపోయే ప్రేక్షకుల తీరు ఇది. పైగా వెనకొచ్చే బండివాడికి రేటు పెంచిన పుణ్యం కూడా వీళ్లదే. వీళ్లనైనా క్షమించవచ్చు, రశీదు అడిగేవాళ్లను క్షమించలేం. "జరిమానా తప్పకుండా కడతాను సార్. ఠాణాకు వెళ్దాం పదండి, చలానా రాయండి" అని చేతులు కట్టుకుని నిలబడతారు. ఆ పెద్దమనిషి ఠాణాకు ఎందుకు వస్తాడు? అక్కడ పై అధికారి ఉంటాడు, చలానా పుస్తకం ఉంటుంది, ఆ పుస్తకంలో వరుస నంబర్లు ఉంటాయి. కళాకారుణ్ణి పట్టుకుని గుమాస్తాను చేసే కుట్ర కాకపోతే ఏమిటిది? చాలాసార్లు ఈ కుట్ర ఫలిస్తుంది కూడా. లైసెన్సు విసురుగా చేతిలో పడుతుంది, దారి తెరుచుకుంటుంది. (నిజంగానే వేగం మించి దొరికినవాడు జరిమానా కట్టాల్సిందే. వాడి గోడు ఈ వ్యాసానికి పట్టదు.)

పత్రాల దగ్గర జరిగే ద్రోహం ఇంకా దారుణం. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లకు 1949 జెనీవా ఒప్పందమని ఒకటి, 1968 వియన్నా ఒప్పందమని ఇంకొకటి ఉన్నాయి. ఏ దేశం దేన్ని గుర్తిస్తుందో ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరడమంటే ఒక కుటుంబీకుడి పొట్ట కొట్టడమే. అర్జెంటీనా ట్రాఫిక్ చట్టం వాహనాల్లో మంటలార్పే పరికరం తప్పనిసరి అంటూనే మోటారుసైకిళ్లను మినహాయించింది. ఆ వాక్యాన్ని స్పానిష్‌లో అచ్చువేయించి జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లను ఏమనాలి? అసలు లైసెన్సు సంచి అడుగున దాచి, లామినేట్ చేసిన రంగు నకలు చేతిలో పెట్టేవాళ్లున్నారు. గడువు తీరిన కార్డులు, నాలుగు చిల్లర నోట్లు పెట్టిన ఉత్తుత్తి పర్సును దీనంగా తెరిచి చూపించేవాళ్లూ ఉన్నారు. నిజాయితీ అడుగంటిపోతోంది.

ఈ రంగానికి శాస్త్రం లేదనుకోకండి. 2005-06లో బెంజమిన్ ఓల్కెన్, పాట్రిక్ బారన్ అనే పరిశోధకులు ఇండోనేషియాలోని ఆచే దారుల్లో లారీలలో మనుషులను కూర్చోబెట్టి 304 ప్రయాణాల లెక్క రాయించారు. 6,000కు పైగా మామూళ్లు కళ్లారా చూశారు. చాలావరకు చిన్న మొత్తాలే, కొన్నిచోట్ల సిగరెట్ పెట్టెలతో సరి. తుపాకీ కనబడేలా పట్టుకున్నవారికి కాస్త ఎక్కువ ముట్టింది. సైన్యం వెళ్లిపోయి తనిఖీ స్థావరాలు తగ్గితే మిగిలినవాళ్లు రేటు పెంచారు. అన్నిటికంటే గొప్ప సంగతి, గమ్యం దగ్గరపడే కొద్దీ ధర పెరిగింది. ఊరు పొలిమేరకు వచ్చిన సరుకు వెనక్కి పోలేదు కదా.

అక్కడ అమ్ముడుపోయేది మన సమయమే. చీకటి పడేలోగా సరిహద్దు దాటాలని గడియారం చూసుకున్నవాడు తన ధర తానే చెప్పేసుకున్నట్టు. ఇది గ్రహించిన కొందరు దుర్మార్గులు బండికి స్టాండు వేస్తారు. నీడ వెతుక్కుని చతికిలబడతారు. నీళ్ల సీసా తీసి ముందు అధికారికే అందిస్తారు. మ్యాపు పరిచి దారి అడుగుతారు, పిల్లల ఫొటోలు చూపిస్తారు, ఏం చెప్పినా అర్థం కానట్టు ఆప్యాయంగా నవ్వుతారు. క్యాలిక్యులేటర్‌లో 100 కాస్తా 50 అవుతుంది, 50 కాస్తా 20 అవుతుంది. ఈలోగా మూడు లారీలు ఆగకుండా వెళ్లిపోతాయి. ఆ ఆదాయ నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

రాత్రివేళ, ఒంటరిగా, ఎదుటివాడి నోట మద్యం వాసన, చేతిలో తుపాకీ ఉన్నప్పుడు మాత్రం ఈ రసచర్చ వద్దు. ఉత్తుత్తి పర్సు ఇచ్చేసి కదలండి.

ఈ సంప్రదాయానికి ప్రపంచంలో తగిలిన పెద్ద దెబ్బ జార్జియాలో తగిలింది. 2004లో అక్కడి ప్రభుత్వం ట్రాఫిక్ పోలీసు శాఖను మొత్తంగా రద్దు చేసి, వేలమందిని ఇళ్లకు పంపి, కొత్తవాళ్లను మెరుగైన జీతాలతో చేర్చుకుంది. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లకు కనబడాలని పోలీసు స్టేషన్లకు గాజు గోడలు కట్టింది. తరతరాల హస్తలాఘవం ఆ గాజులో కలిసిపోయింది. ఇప్పుడు ఆ దేశం తిరిగొచ్చిన బండివాళ్లను కదిపితే కొండల గురించి, ద్రాక్షతోటల గురించి చెబుతున్నారు తప్ప, ఒక్క పోలీసు కథ కూడా చెప్పలేకపోతున్నారు. మిగతా దేశాలూ ఇదే దారి పడితే, ప్రయాణమంటే చోట్లు చూసి రావడమేనని జనం నమ్మేసే ప్రమాదం పొంచి ఉంది.