పొల్లిలూరు ఓటమికి రాకెట్లొక్కటే కారణం కాదు

1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో మైసూరు పాలకుడు హైదరు అలీతో పోరులో ఈస్టిండియా కంపెనీకి చెందిన కల్నల్ బెయిలీ సేన తుడిచిపెట్టుకుపోవడానికి మైసూరు రాకెట్లే కారణమని ఒక వ్యాసంలో రాశారు. రాకెట్లు, ఫిరంగులు దెబ్బతీసిన మాట నిజమే. కానీ ఆ సేనను అక్కడ చిక్కుకునేలా చేసింది దాన్ని నడిపినవాళ్లే.

కంపెనీ ప్రధాన సేనాని హెక్టర్ మన్రోను కలుసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన బెయిలీ ఆగస్టు 25న కొసస్థలై నది చేరాడు. అప్పటికింకా దాటే వీలుంది. దాటకుండా ఉత్తర గట్టునే గుడారాలు వేయించాడు. రాత్రికి రాత్రే వరద వచ్చింది, వారం పైగా కదల్లేకపోయాడు. మన చెన్నైకి కృష్ణా నీళ్లొచ్చే పూండి జలాశయం ఈ నది మీదే ఉంది, వానాకాలంలో దాని పొంగు ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

కంచిలో ఉన్న మన్రో తప్పు ఇంకా ఘోరం. సెప్టెంబరు 6న పేరంబాక్కం దగ్గర హైదరు కొడుకు టిప్పు దాడిని బెయిలీ తట్టుకున్నాడు గానీ, ఇక ముందుకు రాలేను, మీరే రండని మన్రోకు కబురు పెట్టాడు. దూరం 14 మైళ్లు, అంటే ఒక్క రాత్రి నడక. కంచిలో పోగేసిన ధాన్యాన్ని వదలలేక మన్రో కదల్లేదు. ఫ్లెచర్ అనే అధికారి వెంట సుమారు వెయ్యి మందిని మాత్రం పంపాడు. అసలే చిన్న సైన్యం, అదీ రెండు ముక్కలు! 9వ తేదీ రాత్రి బయల్దేరిన బెయిలీ దారి మధ్యలో తెల్లారేదాకా ఆగిపోయాడు. ఆ వ్యవధిలో హైదరు అటు చేరుకున్నాడు. మందుగుండు బళ్లు పేలాక సిపాయిలకు కాల్చడానికి తూటాలు కూడా కరువయ్యాయి.

మన్రో చివరికి పెద్ద ఫిరంగులను కంచి కోనేట్లో పడేసి చెంగల్పట్టు వైపు వెనుదిరిగాడు. ధాన్యమూ దక్కలేదు.