అవతలి పక్క పెట్రోల్ బంకు గారికి

బంకు గారూ, నమస్కారమండీ. నిన్న మధ్యాహ్నం మూడింటికి మెట్రో పిల్లర్ల అవతల నుంచి మీ వంక దీనంగా చూస్తూ బండి తోసుకుంటూ పోయింది నేనే. గుర్తుపట్టి ఉండరు లెండి, రోజూ నాలాంటోళ్లు ఎంతమందో.

మియాపూర్ వైపు పోతుంటే సరిగ్గా మీ ఎదురుగానే ఆగింది బండి. గట్టిగా అరిస్తే మీ కుర్రాడు పలుకుతాడు, అంత దగ్గర, కానీ మధ్యలో డివైడర్, యూటర్న్ ఎక్కడో కనుచూపు మేరలో కూడా లేదు.

జంక్షన్లకీ డివైడర్ గ్యాపులకీ ఎడంగా ఉండాలంట కదా మీరు, లైను రోడ్డెక్కి జామ్ అవుద్దని. అంటే గ్యాప్ మీకు దూరంగా ఉండటం నా ఖర్మ కాదు, రూలు! సరే. స్కూళ్లకీ, పది బెడ్లు, ఆ పైన ఉన్న హాస్పిటళ్లకీ, ఇళ్లుండే ఏరియాలకీ కొత్త బంకు 50 మీటర్లు దూరం, జాగా లేకపోతే ఇంకాస్త జాగ్రత్తలతో 30 అని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది, అదీ ఒప్పుకుంటా, ట్యాంకు పక్కన పడుకోవాలని ఎవరికుంటది. కాలనీ లోపల గజం రేటుకి బంకు కన్నా అపార్ట్‌మెంటే లాభం, అదీ తెలుసు.

మరి మీ చుట్టాలు ముగ్గురూ వరసగా అదే పక్కన ఎందుకండీ? రేటు అందరిదీ ఇంచుమించు ఒకటే కాబట్టి పోటీ అంతా చోటు దగ్గరే, సాయంత్రం జనం ఎటు పోతే అటే మీరంతా బారులు తీరారు, మరి పొద్దున ఇటు పోయేవాళ్లం మనుషులం కాదా? 2024 జనవరి 2న ట్రక్కు డ్రైవర్ల సమ్మెప్పుడు పెట్రోల్ దొరక్క చంచల్‌గూడలో డెలివరీ అబ్బాయి గుర్రమెక్కితే నవ్వాం, నిన్న తెలిసింది వాడి తెలివి, గుర్రానికి యూటర్న్ అక్కర్లేదు.

ఫ్రీ ఎయిర్ బోర్డు గురించి ఏమీ అనను, ఆ మిషన్ పనిచేయగా చూసిన పుణ్యాత్ములు అంటారు.

చివరికి ఎవరో తమ్ముడు తన బండి మీంచి కాలితో నా బండిని నెడుతూ యూటర్న్ తిప్పి మీ దాకా దిగబెట్టాడు, పేరు కూడా చెప్పకుండా పోయాడు. మీ కుర్రాడు "జీరో చూస్కోండి సార్" అన్నాడు, నా మొహం చూసి తాగడానికి నీళ్లు కూడా ఇచ్చాడు, అక్కడ కాస్త కోపం తగ్గింది.

రెండొందలు కొట్టించి బయటికొచ్చా. మా ఇల్లు అవతలి పక్క. మళ్లీ యూటర్న్.