ఆ మెసేజ్ నాకిక పంపకండి

ఈ వారంలో నలుగురు పంపారు. సారాంశం ఇది: గుండెపోటు వచ్చాక ఏడాదిపాటు ఆలుమగలు వేరుగా పడుకోవాలి, కలయిక పది కిలోమీటర్ల పరుగంత శ్రమ, ఎడమవైపు తిరగకూడదు, పటుత్వం తగ్గితే సిల్డెనాఫిల్ మాత్ర వేసుకోవచ్చు, నొప్పి వస్తే నాలుక కింద మాత్ర ఎలాగూ ఉంది.

పది కిలోమీటర్లా? రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే చాలు. ఎడమవైపు సంగతికి ఆధారమే లేదు.

ఏడాది గడువు ఎవరు పెట్టారు? వేరే చిక్కులేవీ లేని గుండెపోటైతే, ఓ మోస్తరు శ్రమకు నొప్పీ ఆయాసం రాకపోతే, వారం దాటాక మొదలుపెట్టవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే చెప్పింది. బైపాస్ అయినవాళ్లు మాత్రం రొమ్ము ఎముక అతుక్కునేదాకా, 6 నుంచి 8 వారాలు ఆగాలి. గుండెపోట్లలో కలయిక వల్ల వచ్చేవి నూటికి ఒకటి కన్నా తక్కువే.

ఇక ఆ మాత్ర. చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ వాక్యం చదివాకే ఫార్వర్డ్ చేశారా? నాలుక కింద పెట్టుకునేది నైట్రేట్. అది రక్తనాళాలను వదులు చేస్తుంది. సిల్డెనాఫిల్ ఆ వదులు తగ్గకుండా పట్టి ఉంచుతుంది. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి లేవకపోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అదే రకం మాత్ర టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ముట్టుకోకూడదు. రోజూ నైట్రేట్ వాడేవాళ్లకు ఆ మాత్రలు అసలే పనికిరావు. కలయిక మధ్యలో ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఆపేయాలి, తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి, వచ్చినవాళ్లకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో దాచకుండా చెప్పాలి. సిగ్గుపడి దాస్తే ప్రాణం మీదికొస్తుంది. "మూలికల పొడి" అంటారా? అలాంటివాటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినవి ఎన్నోసార్లు దొరికాయి.

ఒక్కమాట మాత్రం ఒప్పుకుంటాను. పటుత్వం తగ్గడం గుండె జబ్బుకు ముందస్తు సూచన కావచ్చని చివర్లో రాశారు. అది నిజం, నేనూ అంత సూటిగా ఎవరికీ చెప్పలేదు. గుండెకు, బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రల వల్ల కూడా తగ్గవచ్చు. అలాగని ఎవరంతట వాళ్లు ఆపేయకూడదు, డాక్టరుతో చెప్పి మార్పించుకోవాలి.

అంత పొడుగు మెసేజ్‌లో గుండెపోటు వచ్చింది భార్యకైతే ఏమిటన్న ఊసే లేదు. ఆమెకీ అవే మెట్లు, అదే వారం. భయం కూడా అంతే ఉంటుంది. డిశ్చార్జి రోజున డాక్టరు ఈ విషయం ఎత్తకపోతే ఇద్దరూ కలిసి అడగండి.